బుడగ లోపలి తడి

పెట్టెకి చెమట పట్టిందన్న కబురు ముందుగా నాకు తెచ్చింది మా ఆయన. నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూద్దామని పొద్దున్నే డాబా ఎక్కి, దిగొచ్చి, "ఏమేవ్, ఆ అమ్మాయి పెట్టెకి లోపల్నుంచి చెమట పట్టిందే. బుడగంతా తెల్లగా ఉంది," అని చెప్పి, కాఫీ తాగి హనుమాన్ జంక్షన్ బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆయన అక్కడ టైర్ల షాపులో పనిచేస్తారు. పొద్దున వెళ్తే దీపాలు పెట్టాక వస్తారు. అందుకని ఆ పెట్టెకొచ్చిన జబ్బు నా పాలిట పడింది.

పెట్టె అంటే ఆకాశాన్ని చూసే కెమెరా. ఒక కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయి మా డాబా మూల గొట్టానికి బిగించి వెళ్ళింది. తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానిమీద బోర్లించిన గిన్నెలాంటి పారదర్శకమైన బుడగ, బుడగ కింద పైకి చూస్తూ కెమెరా. రాత్రంతా రాలే చుక్కల్ని అదే ఫోటోలు తీసుకుంటుంది. మా ఇల్లు నూజివీడు ఊరికి బయట, మామిడి తోటల మధ్య ఉంది కాబట్టి చీకటి బాగుంటుందని ఆ పిల్ల మా ఇంటిని ఎంచుకుంది. మాఘమాసం నుంచి వానలు పడేదాకా ఫోటోలు తెంపు లేకుండా రావాలి. మధ్యలో మొత్తం ఇరవై రోజుల దాకా పోతే ఫరవాలేదు, అంతకుమించితే ఆ యేడాది చదువు పోయినట్టే. ఉగాది వెళ్ళాక వాళ్ళ సారు వచ్చి చూస్తారు. ఫోటోలు మసకగా ఉంటే కెమెరా పీకి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ అమ్మాయి ఇదంతా నాకు మొదటి రోజే చెప్పి, "ఆంటీ, పొద్దున్నే బుడగ పైన పడ్డ మంచు మెత్తటి గుడ్డతో తుడవండి చాలు," అంది.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు వసారాలో కూర్చోబెట్టి చదువు చెప్పారు, పదహారో ఎక్కం దాకా, భాగవతం పైకి చదివేదాకా. అలాంటి నాకు ఒక యంత్రాన్ని అప్పగించి, నన్ను నమ్మి ఒకరు వెళ్ళారంటే దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నా తక్కువే అనిపించింది. రోజూ తెల్లవారుతూనే సూర్యుడికి నీళ్ళు వదలడానికి డాబా ఎక్కుతాను. ఆ పనితోపాటే బుడగ తుడిచేదాన్ని. బయట మంచు నా చేతికి అందుతుంది. లోపలి తడిని ఏం చేయను?

మా బావగారికి ఆ పెట్టె మొదటినుంచీ గిట్టలేదు. మా ఆయనకు అన్నగారు. ఇల్లు రెండు వాటాలు, డాబా ఉమ్మడి, మెట్లు ఆయన వైపు. వెనకాల ఆయన షెడ్డు. తోటలు పాటకు తీసుకుని, కాయ కోయించి, షెడ్డులో ముగ్గబెట్టి బళ్ళకెత్తిస్తారు. ఎలా ముగ్గబెడతారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పచ్చికాయ పెట్టెల్లో కాగితం పొట్లాలు పెడతారు. పొట్లంలో నల్లరాయి ముక్కలు. కార్బైడ్ అంటారు, షెడ్డుల్లో మాత్రం మందు అనే అంటారు. కాయలోని తేమ తగలగానే ఆ రాయి వేడెక్కి వెల్లుల్లి కంపు కొడుతుంది, రెండు రోజుల్లో కాయ పైకి పసుపుగా మారుతుంది. వాడకూడదని ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. అందుకే డాబా మీద కెమెరా అనగానే ఆయనకు ఒళ్ళు మండింది.

నేను కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. మా బావగారితో నేరుగా ఒక్క మాట మాట్లాడింది లేదు. మా అత్తగారింట్లో అదే పద్ధతి. ఆయన ఎదురైతే నేను పక్కకు తప్పుకుంటాను, ఆయన గోడవైపు చూస్తారు. చెప్పాల్సింది ఉంటే మధ్యలో మనిషి ఉండాలి. ఆ మనిషి చాలా యేళ్ళుగా ఆయన షెడ్డులో కాయలు పేర్చే ఆవిడ. కాయ తొడిమ చూసి ఎప్పుడు పండుతుందో చెప్పగలదు. ఒక్క కాయకు మచ్చ పడకుండా గడ్డిలో పేరుస్తుంది. ఆయన గుమ్మంలో, నేను పెరట్లో, ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినిపిస్తూనే ఉంటాయి. అయినా ఆవిడ మళ్ళీ చెప్పాలి.

"ఆకాశం చూసే కెమెరాకి నేల కనపడదా అని అడగవే ఆవిడగారిని," అన్నారు బావగారు.

"నేల కనపడదాండి అని అడుగుతున్నారమ్మా."

"చుట్టూ అంచున కొంచెం కనపడుతుందట, చెట్ల కొసలూ షెడ్డు లైటూ తప్ప ఇంకేం లేదట అని చెప్పు."

"షెడ్డు లైటా! ఓహో. అయితే రేపు షెడ్డులో నేను గోక్కున్నా కాలేజీలో తెలుస్తుందన్నమాట. మన బతుకు సినిమా తీస్తన్నారే, నువ్వు కూడా పౌడరు రాసుకుని రా."

ఆవిడ నావైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, "అయ్యగారికి ఇష్టం లేదంటమ్మా," అంది. అంత పొడుగు మాటను అంత చిన్నది చేసి, ముల్లు తీసి చేతికిచ్చేది. ఆ గుణానికి నేను అప్పుడే చేతులెత్తి మొక్కి ఉండాల్సింది.

ఆదివారం ఆ అమ్మాయి బస్సు దిగి వచ్చింది. బుడగ లోపల సన్నటి నీటిపొర. అంతకు ముందు వారం వచ్చినప్పుడే అన్ని సందులకూ సిలికాన్ గమ్ము పూసి, గాలి చొరబడకుండా మూసేశానని చెప్పింది. అయినా తడి ఎక్కువైంది గాని తగ్గలేదు. పాపం మొహం వాడిపోయింది.

"ఏ పూట మూశావమ్మా మూత?" అని అడిగాను.

"సాయంత్రం ఆంటీ, ఐదున్నరకి. ఏం?"

ఆ రోజు నాకు గుర్తుంది. తోటలో నీళ్ళు పెట్టారు, నేను డాబా కడిగాను, గాలి కూడా చెమ్మగా ఉంది. "ఊరగాయ జాడీని మేం ఎండలో పెడతాం," అన్నాను. "మిట్టమధ్యాహ్నం, పొడి గాలి ఉన్నప్పుడు ఆరబెట్టి, చల్లారాక, చెమ్మగాలి తగలకముందే మూతికి గుడ్డతో వాసెన కడతాం. సాయంత్రం మూస్తే ఆ చెమ్మని మనమే లోపలేసి కట్టినట్టు."

ఆ పిల్ల నన్ను వింతగా చూసి, నోటుపుస్తకం తీసి రాసుకుంది. నా మాట పుస్తకంలోకి ఎక్కడం నాకు అదే మొదలు.

మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టె విప్పాం. లోపల అడుగున చెంచాడు నీళ్ళు. వైరు వచ్చే కంత దగ్గర గీతలా తడి మరక. వైరు పైనుంచి తిన్నగా కంతలోకి దిగుతోంది, మంచు బొట్లు దాన్ని పట్టుకుని జారి లోపలికే వెళ్తున్నాయి. వైరును కంతకన్నా కిందకి వేలాడేలా వంచి, మళ్ళీ పైకి తెచ్చి లోపలికి పంపాం. బొట్టు వంపు దగ్గరే రాలిపోతుంది. రబ్బరు పట్టీ పొడిగా తుడిచి బిగించాం. తేమ తాగే గింజలు ఒక చిన్న సంచిలో పెట్టాం. నారింజరంగు గింజలు, తేమ తాగితే ఆకుపచ్చగా మారతాయి. వేపితే మళ్ళీ నారింజ. ఇవన్నీ చేసినా చాలదంది ఆ అమ్మాయి. పగలు లోపలి గాలి వేడెక్కి బయటకు తోస్తుందట, తెల్లవారుజామున చల్లారి బయటి గాలిని పీలుస్తుందట. ఎంత బిగించినా పెట్టె ఊపిరి తీస్తూనే ఉంటుంది. పైగా ఆకాశం కింద బుడగ, చుట్టూ ఉన్న గాలికన్నా ముందే చల్లబడుతుంది, అందుకే తడి అక్కడ చేరుతుంది. దానికి మందు వెచ్చదనం. బుడగ అంచు లోపల, కరెంటు పారితే వెచ్చబడే చిన్న రెసిస్టర్లను గుండ్రంగా అతికించిన తీగ పెట్టింది. ముట్టుకుంటే జ్వరం తగిలిన ఒంటిలా ఉంటుంది, అంతే. ఆ తీగకు వేరే కరెంటు కావాలి. మా వాటా కిటికీ దాకా వైరు చాలక మెట్ల దగ్గరున్న ఉమ్మడి ప్లగ్గులో పెట్టాం.

తప్పు అక్కడ జరిగింది.

పది రోజులు బుడగ అద్దంలా ఉంది. రోజూ పొద్దున దానిలో తెల్లవారే ఆకాశం మొత్తం గుండ్రంగా కనిపించేది, నేను ఆ చిన్న ఆకాశానికి కూడా ఒక దండం పెట్టేదాన్ని. పదకొండో రోజు మళ్ళీ మసక. మెట్ల దగ్గర చూస్తే ప్లగ్గు ఊడి వేలాడుతోంది. పెట్టాను. మర్నాడు మళ్ళీ ఊడి ఉంది. ప్లగ్గు దానంతట అది ఊడదు.

"మెట్ల కరెంటు ఆకాశానికి కాదని చెప్పు," అన్నారు బావగారు, అడక్కముందే. "చుక్కలకి చలేస్తే దుప్పటి కప్పుకోమను."

"ప్లగ్గు వద్దంటున్నారమ్మా," అంది ఆవిడ.

మా ఆయన్ను పొడుగు వైరు తెమ్మన్నాను. "రేపు తెస్తాలే," అన్నారు. మూడు రోజులు రేపే అయింది. ఆయన మీద నేను కోపం తెచ్చుకోను, ఆయన మంచితనం వల్లే ఈ ఇంట్లో నేను పుస్తకం పట్టుకోగలిగాను. కానీ ఆ మూడు రోజులూ మాత్రం ఆయన్ని లోపల్లోపల చాలానే అన్నాను.

వెచ్చదనం లేకపోయేసరికి గింజలు ఒక్క రాత్రికే పచ్చబడిపోయేవి. ఫోన్లో ఆ అమ్మాయి అనుమతి తీసుకుని, రోజూ మధ్యాహ్నం పెట్టె విప్పి, గింజలు కిందకి తెచ్చి, వంటకు వాడని పాత మూకుట్లో సన్నసెగ మీద వేపి, చల్లార్చి మళ్ళీ పెట్టేదాన్ని. ఆ కాసేపూ మరలు వదులుగా ఉండేవి. కాయలు పేర్చే ఆవిడ షెడ్డు గోనెలు ఆరేయడానికి డాబా మీదకి వచ్చేది, నేను ఎక్కడం దిగడం చూసేది.

"మోకాళ్ళు అరిగిపోతాయి అమ్మా. ఇంతకీ దానికేం కావాలి?"

"తేమ తాగెయ్యాలి, కొంచెం వెచ్చగా ఉండాలి. అంతే."

"ఓస్, అంతేనా!" అంది.

కింద బావగారు గొంతెత్తారు. "ఏవే, ఆవిడగారు రాళ్ళకి పోపు పెడుతున్నారంట, ఉప్పు సరిపోయిందేమో అడిగి రా!"

మర్నాడు తెల్లవారి చూస్తే బుడగ మళ్ళీ అద్దంలా ఉంది. ప్లగ్గు లేదు, వైరు లేదు, అయినా చుక్క తడి లేదు. నేను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. దేవుడు నా కష్టం చూశాడనుకున్నాను. ఆ మధ్యాహ్నం మూత తీయలేదు, దేవుడు చేసినదాన్ని కదపడం ఎందుకని.

ఆ తర్వాతి పొద్దున బుడగ లోపల తెల్లగా ఉంది. తడి కాదు, సున్నం వేసినట్టు పొర. పెట్టె దగ్గర ముక్కు పెడితే వెల్లుల్లి కంపు. ఆ కంపు ఎక్కడిదో నాకు తెలుసు. షెడ్డు తలుపు తీసినప్పుడల్లా మా వంటింట్లోకి వచ్చేదే.

ఇన్నాళ్ళూ బావగారి మాటలు పడ్డాను, ప్లగ్గు పీకినా ఊరుకున్నాను, ఇప్పుడు పెట్టెలోనే మందు వేసి చంపేశాడు అనుకున్నాను. సూర్యుడికి నీళ్ళు వదలడం కూడా మరిచిపోయి దిగిపోయాను. అదే రోజు సారు రావాల్సిన రోజు.

పది గంటలకు కారులో వచ్చారు సారు, వెనక ఆ అమ్మాయి. పెట్టె విప్పి చూడగానే ఆయన అమ్మాయి చెయ్యి పట్టి వెనక్కి లాగారు. లోపల తడిసి చిట్లిన కాగితం పొట్లం, చుట్టూ తెల్లటి పిండి.

"ఇది కార్బైడ్. తడి తగిలితే గ్యాసు పుడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. లోపల కరెంటు వైర్లున్నాయి! ఎవరండీ ఇది పెట్టింది?" నన్నే చూస్తూ అడిగారు. "పెట్టె మూత తీసేది మీరేనటగా?"

"ఆంటీ అలా చేయరు సార్."

"అయితే ఎవరో కావాలనే చేశారు. ఇక ఇక్కడ ఒక్క రోజు కూడా ఉంచను. సామాను సర్దు."

ఆ పిల్ల సర్దలేదు, గొట్టం పట్టుకుని నిలబడిపోయింది. అలికిడి విని బావగారు మెట్లమీదకి వచ్చారు. గోనెలు మోసుకుంటూ కాయలు పేర్చే ఆవిడ కూడా వచ్చింది.

"బడికెళ్ళని వాళ్ళ చేతిలో మిషను పెడితే ఇట్టాగే ఉంటది," అన్నారు బావగారు, గోడతో.

అప్పుడు నేను ఆవిడవైపు తిరిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చెప్పు మీ అయ్యగారికి. ఆ పొట్లం ఎవరి షెడ్డులోదో, ఎవరి చెయ్యి పెట్టిందో ఊరందరికీ తెలుసని చెప్పు. ఆడపిల్ల చదువు పాడుచేసిన చేతిని దేవుడు చూస్తున్నాడని చెప్పు."

ఆవిడ చెప్పలేదు. ఎప్పుడూ ముల్లు తీసి ఇచ్చే మనిషి, ఆ మాటలో ముల్లు తప్ప ఇంకేం లేకపోయేసరికి గోనెలు కింద పడేసి నిలబడిపోయింది.

"చెప్పవే! వినపడలా?" అన్నారు బావగారు. "నేను పెట్టానంట! పెట్టదలుచుకుంటే సుత్తితో ఒక్కటి పెట్టేవాణ్ణి, పొట్లం దండగ చేస్తానా?"

"అయ్యగారు కాదమ్మా," అంది ఆవిడ నాతో. తర్వాత సారువైపు తిరిగింది. "నేనేనండి. కావాలని చెడగొట్టాలని కాదండి. తేమ తాగాలి, వెచ్చగుండాలి అన్నారు అమ్మగారు. మందు చేసేది అదే గదండి. కాయకి పెట్టినట్టే ఒక పొట్లం గుడ్డలో చుట్టి, కెమెరా వెనకాల కనపడకుండా దోపా. అమ్మగారు గింజలు వేపడానికి కిందకెళ్ళినప్పుడు. ఆమెకి తెలవదు. పాపకి అసలే తెలవదు. మోకాళ్ళు నెప్పులని అమ్మగారు మెట్లు ఎక్కలేకపోతన్నారని..."

సారు వంగి ఆ పొట్లాన్ని పరీక్షగా చూశారు. తర్వాత, "పొట్లం ఎక్కడిది?" అన్నారు.

ఆవిడ బావగారివైపు చూడలేదు. "షెడ్డులోదేనండి," అంది.

సారు కెమెరాను బయటకు తీసి గుడ్డతో తుడిచి, ఆకాశపు వెలుతురుకి ఎత్తి పట్టి చూశారు. కెమెరాకు ఏమీ కాలేదు, బుడగే పోయింది. కారులో ఇంకో బుడగ ఉందన్నారు. "కావాలని చేసింది కాదు కాబట్టి వానల దాకా ఉండనిద్దాం. తాళం వేయండి. ఆ తీగకి ఇవాళే వీళ్ళింట్లోంచి వైరు లాగు," అని అమ్మాయితో చెప్పి కిందకి వెళ్ళారు. ఆయనకు పెట్టె సంగతే కావాలి, తేలిపోయింది. ఆ పిల్ల నన్ను కావలించుకుని ఏడ్చింది.

బావగారు అప్పటిదాకా ఆగారు. "పరాయివాళ్ళ ముందు నా షెడ్డు పేరెత్తావు. నా సరుకు దొంగిలించావు. రేపట్నించి ఈ గడప తొక్కావంటే బాగుండదు," అన్నారు ఆవిడతో. గట్టిగా కూడా అనలేదు.

నేను నోరు తెరిచాను. తప్పు నాది, ఆవిడ మంచికే చేసింది, మిమ్మల్ని నిందించినందుకు నన్ను అనండి, అని చెప్పాలి. ఎవరితో చెప్పించాలా అని అలవాటుగా పక్కకు చూశాను. పక్కన ఉన్నది ఆవిడే. నా మాట మోసే ఒకే ఒక్క మనిషి గోనెలు ఏరుకుంటోంది. ఇరవై రెండేళ్ళుగా మడి కట్టుకున్న నాలుక ఆ ఒక్క నిమిషంలో విప్పుకోలేదు. ఆయన దిగి వెళ్ళిపోయారు.

సాయంత్రం మా ఆయన పొడుగు వైరు తెచ్చారు.

ఆ తర్వాత ఆవిడను మళ్ళీ పనిలోకి రానివ్వమని మా ఆయన్ను పంపి అడిగించాను. "నీ పెళ్ళాం నన్ను నలుగురిలో దొంగను చేసిందిరా," అన్నారట బావగారు. అది నిజమే. షెడ్డు రహస్యం పైకి చెప్పిన మనిషని మిగతా షెడ్డుల వాళ్ళు కూడా ఆవిడను రానివ్వలేదు. కాయ కోతలు అప్పుడే మొదలయ్యాయి. ఏడాదిలో ఆవిడకు నాలుగు మెతుకులు దొరికేది ఆ రెండు నెలల్లోనే. ఉంగుటూరు వైపు అక్కగారి ఊరికి, వరి పనులకు వెళ్ళిపోయింది.

వానలు పడేదాకా బుడగ పొడిగా ఉంది. ఆ అమ్మాయి చదువు నిలిచింది. అచ్చయిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదటి పేజీలో కృతజ్ఞతలు: వాళ్ళ సారుకి, తల్లిదండ్రులకి, మా ఇంటివాళ్ళకి. ఊరగాయ జాడీ మాట కూడా లోపల ఎక్కడో ఒక వాక్యంలో ఉందని వేలుపెట్టి చూపించింది. చదివి కళ్ళకద్దుకున్నాను. ఆవిడ సంగతి ఎక్కడా లేదు. "కార్బైడ్ సంగతి రాయొద్దన్నారు ఆంటీ సారు," అంది ఆ పిల్ల తలవంచుకుని.

ఉంగుటూరు వెళ్ళి ఆవిడను చూశాను. నాట్లు వేసి గట్టెక్కి, చేతులకున్న బురద కాలవలో కడుక్కుంటోంది. క్షమించమని అడగబోతే అడగనివ్వలేదు. "పాప పాసైందా అమ్మా?" అంది. అయిందన్నాను. "అట్టాగా," అని నవ్వి, "ఒక రోజు మాత్రం బాగా పనిచేసింది గదమ్మా నా పొట్లం!" అంది. ఎండలో ఆవిడ వేళ్ళు చూశాను. కాయకు మచ్చ పడకుండా పేర్చిన వేళ్ళు, నాట్లలో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నేను రోజూ దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో బావగారి పేరు కూడా కలుపుతాను, కష్టపడి కలుపుతాను, కొన్ని రోజులు కలపలేను. ఆవిడ పేరు మాత్రం మొదట వస్తుంది. ఇక్కడ ఆ పేరు రాయలేను. రాస్తే వచ్చే కోతలకైనా ఏదో ఒక షెడ్డు తలుపు తీస్తుందేమోనన్న ఆశ కూడా పోతుంది. పేరు లేకుండానే గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను. ఇది చదివినవాళ్ళు దీపం పెట్టే అలవాటున్నవాళ్ళయితే దీపం దగ్గర, లేనివాళ్ళు ఊరికే ఒక్క క్షణం, నేను వేసిన నిందను ఇంకొకరి మీదే వదిలేసి తప్పించుకునే వీలుండి కూడా "నేనేనండి" అన్న ఆ కాయలు పేర్చే మనిషిని తలుచుకోండి.